పొమ్మనలేక

వంటగది. తలుపు ఓరగా వేసి ఇల్లాలు గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఆ ఇంట్లో గొంతు తగ్గించడం ఇవాళ కొత్తగా మొదలైంది కాదు.

"...ఇక నావల్ల కాదండీ. సాయంత్రం బస్సుకి పాపని తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతున్నాను. పెట్టె సర్దేశాను."

"మెల్లగా, మెల్లగా. ఆయనకి వినిపిస్తుంది."

"వినిపించనివ్వండి!"

"ఆ మాట కూడా మెల్లగానే అంటున్నావు కదే."

"అలవాటైపోయింది. అదే నా ఏడుపు. సొంత ఇంట్లో ఆరేళ్ళుగా గుసగుసలాడుతున్నాను. ఇప్పుడు అరుద్దామన్నా గొంతు లేవట్లేదు."

"ఇంకో రెండు రోజులు చూద్దాం."

"రెండు రోజులు, రెండు రోజులు అంటుండగానే పాప ఉయ్యాల్లోంచి దిగి బళ్ళో చేరింది. నిన్న బడికి పిలిచి ఏమన్నారో చెప్పనా?"

"ఏమన్నారు?"

"పిల్లని గొంతు డాక్టరుకి చూపించమన్నారు. మాట బయటికి రావట్లేదట. హాజరు పిలిస్తే లేచి, టీచరు దాకా నడిచి, చెవిలో 'ఉన్నానండీ' అని చెప్పి వస్తోందట."

"జలుబేమో."

"జలుబు కాదు, మనం! పుట్టినప్పటి నుంచీ ఇంట్లో గుసగుసలే విన్నది. మాట్లాడటమంటే ఇదే అనుకుంది. పసిపిల్ల అండీ అది. గట్టిగా ఏడవడం కూడా రాదు దానికి. మొన్న మోకాలు కొట్టుకుపోతే గోడవైపు తిరిగి చప్పుడు లేకుండా ఏడ్చింది."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. గుసగుసగా చెప్పాను. మీకు వినిపించలేదు."

"...ఇప్పుడేం చేస్తున్నాడు చుట్టంగారు?"

"మీ కుర్చీలో కూర్చుని మీ పేపరు చదువుతున్నాడు."

"ఇవాళ్టిదా? నేనింకా చూడందే!"

"ముందు మీరు చదవండి అన్నది మీరే కదా."

"మర్యాదకి అన్నాను."

"ఆయనా మర్యాదకే చదువుతున్నాడు. ఆరేళ్ళ నుంచి ఈ ఇంట్లో ఎవ్వరూ మర్యాద తప్పలేదు, పోతున్నదల్లా నా ప్రాణమే."

"అదేం మాటే?"

"మరేమనమంటారు? మనం పెట్టెలు, చంటిపిల్లతో ఈ ఊళ్ళో దిగిన రోజు తలుపు తీసింది ఈయనే. కంపెనీ తరఫున ఇల్లు అప్పగించడానికి వచ్చిన మనిషి. 'రండి రండి, ఇది మీ ఇల్లే' అన్నాడు. మంచినీళ్ళిచ్చాడు. తాళంచెవి అడిగితే ఇచ్చాడు. బాగానే ఉంది. అప్పగించినవాడు అప్పగించి వెళ్ళాలా, వద్దా?"

"వెళ్ళాలి."

"వెళ్ళాడా?"

"కూర్చున్నాడు."

"ఇంకా లేవలేదు!"

"తూర్పు వాళ్ళంతేనే. మనం పడమటి వాళ్ళం, మనకి అర్థం కాదు. ఇంత పెద్ద ఖండం, అంతా ఒకలాగే ఉంటుందా? ఉత్తరం వాళ్ళని చూడు, పొడి మాట మనుషులు. దక్షిణం వాళ్ళు తలుపు కొట్టకుండా వచ్చేసి కంచం ముందు కూర్చుంటారు. తూర్పు వాళ్ళు వచ్చారంటే ఇక అంతే. మా మేనేజరు మొదటి రోజే చెప్పాడు. ఇక్కడ తూర్పున ఇంట్లో కూర్చున్న మనిషిని పొమ్మన్నామంటే వీధి వీధంతా మనతో మాట్లాడటం మానేస్తుందట."

"మన పడమట మాత్రం నోటితో పొమ్మంటామా? మనమూ అనం. కప్పు బోర్లిస్తాం."

"మరి బోర్లించకపోయావా?"

"రోజూ బోర్లిస్తున్నానండీ! తాగిన కప్పు ఆయన కళ్ళముందే కడిగి, ఆయన ఎదురుగానే టక్కుమని బోర్లిస్తున్నాను. మన ఊళ్ళో అయితే దానికి చుట్టం చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెడతాడు. ఈయనేమంటాడో తెలుసా? 'చెల్లెమ్మకి ఎంత శుభ్రమో, దుమ్ము పడకుండా కప్పులు బోర్లిస్తుంది' అంటాడు."

"మెచ్చుకున్నాడన్నమాట."

"ఏవండీ!"

"సరే సరే. కిందటేడు దక్షిణం వాళ్ళ పద్ధతి కూడా చేసి చూశాం కదా. మొగుడూ పెళ్ళాం ఎదురుగా పోట్లాడుకుంటే చుట్టం సిగ్గుపడి లేచిపోతాడని."

"చేశాం. ఏమైంది?"

"మధ్యలో కూర్చుని తీర్పు చెప్పాడు."

"తప్పు మీదే అన్నాడు."

"అది మాత్రం అన్యాయం."

"అది మాత్రం న్యాయమే. కానీ ఆయన్నెవరు అడిగారు?"

"పొగ సంగతి?"

"అదీ అయింది. పొమ్మనలేక పొగబెట్టడమంటారే, నిజంగానే పెట్టాను. దోమల పొగ, నిప్పుల మీద, ముందు గది నిండా. ఆయన దగ్గుతూ లేచాడు. హమ్మయ్య, లేచాడనుకున్నాను. నేరుగా వెళ్ళి వీధి కిటికీ తెరిచి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు."

"ఆ కిటికీయా? అది రాదు కదా! నేను స్క్రూడ్రైవర్ పెట్టి లాగినా రాలేదు."

"ఆయన చెయ్యి వేస్తే వచ్చింది. లోపలికి నొక్కి పైకెత్తాలట."

"చూశావా, తూర్పు వాళ్ళకి కిటికీలు కూడా మాట వింటాయి."

"మీరు తూర్పు వాళ్ళ గురించి ఇంకొక్క మాట మాట్లాడారంటే నేను బస్సు దాకా కూడా ఆగను. లిఫ్టు మెకానిక్కు మీరు. మధ్యలో ఇరుక్కుపోయిన పదిమందిని తాళ్ళు కట్టి బయటికి లాగుతారు. ముందు గదిలో ఉన్న ఒక్క మనిషిని లాగలేరా?"

"లిఫ్టులో వాళ్ళు బయటికి రావాలని ఏడుస్తుంటారే. ఈయన ఏడవడు."

"అవన్నీ నాకు తెలీదు. ఇవాళ అడుగుతారా, లేదా? అడిగితే పెట్టె విప్పుతాను. అడక్కపోతే బస్సు. మా అమ్మ వాళ్ళింట్లో అందరూ ఒకేసారి అరుస్తారు. పాపకి వారంలో గొంతొస్తుంది."

"అడుగుతాను."

"ఒట్టు?"

"ఒట్టు. నువ్వు తలుపు వెనకే ఉండు."

"నేను ఆరేళ్ళ నుంచీ తలుపు వెనకే ఉన్నాను."

ముందు గది. మూలన చిన్న స్టవ్వు మీద టీ మరుగుతోంది. లిఫ్టు మెకానిక్కు తన ఇంట్లో తనే బెంచీ అంచున కూర్చున్నాడు. ఇల్లాలు తలుపు వెనక ఉంది, ఊపిరి కూడా సగమే తీసుకుంటోంది.

"తీసుకోండి బావగారూ. రెండో టీ."

"అయ్యో, మళ్ళీ మీరే పెట్టారా? రోజూ మీకు శ్రమ చుట్టంగారూ."

"శ్రమేముంది? మొదటి టీ చెల్లెమ్మ ఇస్తుంది. రెండోది ఇవ్వడం నా ధర్మం."

"మీ చేతి టీ తాగితే అసలు లేవబుద్ధి కాదండీ."

"లేవబుద్ధి కాదా?"

"కాదంటే కాదు."

"...అవున్లెండి. చూస్తూనే ఉన్నాను కదా."

"ఇంకో సగం కప్పు ఉందా?"

"ఉంది బావగారూ. ఎందుకుండదు? పోస్తాను."

"అదీ... చుట్టంగారూ, మిమ్మల్ని ఒకటి అడుగుదామని."

"నేనూ మిమ్మల్ని ఒకటి అడుగుదామనే."

"అడగండి."

"ముందు మీరు."

"లేదు లేదు, మీరు పెద్దవారు."

"మీరు సంసారులు. మీరే ముందు."

"అలాక్కాదు, నాది పెద్ద మాటేం కాదు. మీకు ఇక్కడ... ఇరుకుగా ఏం లేదు కదా?"

"అబ్బే! నేనూ అదే అడుగుదామనుకున్నా. మీకేమైనా ఇరుకుగా ఉందా?"

"ఛ ఛ. మీకు లేనిది మాకేంటి?"

"మీకు లేకపోతే నాకూ లేదు."

"సొంత ఊరు మీదకి ఎప్పుడైనా మనసు పోతుందా చుట్టంగారూ?"

"పోదా మరి? మీకు?"

"పోతుంది. పోయినప్పుడు ఓసారి వెళ్ళి... అలా... ఉండిపోదామని అనిపించదూ?"

"ఉండిపోతే ఎంత బాగుంటుంది బావగారూ! ఉన్న ఊరు, కన్నతల్లి అన్నారు. నన్నడిగితే మనిషన్నవాడు సొంత ఊళ్ళోనే ఉండాలి."

"ఉండాలండీ! అసలు ఆలస్యం చెయ్యకూడదు."

"చెయ్యకూడదు."

"ఇవాళే వెళ్ళొచ్చు."

"సాయంత్రం బస్సుంది కూడా."

"బస్సుందా? మీకు టైము కూడా తెలుసన్నమాట!"

"నాకు అన్ని బస్సుల టైములూ తెలుసు బావగారూ. రోజూ చూసుకుంటాను."

"పాపం."

"పాపమే."

"...పైన ఏదో చప్పుడవుతోంది?"

"మేడ మీద పెద్దాయన. ఈ వేళకి చేతికర్ర పట్టుకుని మెట్లు దిగుతాడు కదా. మళ్ళీ ఎక్కేస్తాడు. సరే, బావగారూ, ఇక దాచి లాభం లేదు. మీరు మరోలా అనుకోకూడదు."

"అనుకోను."

"కోపం తెచ్చుకోకూడదు."

"తెచ్చుకోను. చెప్పండి, మీ నోటితో మీరే చెప్పండి!"

"నేను పెళ్ళి చేసుకుంటున్నానండీ."

"పెళ్ళా! మీకా! అబ్బ, ఎంత చల్లటి మాట చెప్పారండీ! ఏమేవ్, వింటున్నావా? ఇటు రా! చుట్టంగారికి పెళ్ళట!"

"నిజంగానా? అన్నయ్యగారూ, నోట్లో చక్కెర పొయ్యాలి మీకు! ఎవరండీ ఆ మహాతల్లి?"

"నేను పనిచేసే కళ్ళద్దాల షాపుకి ఎదురుగా గొడుగులు బాగుచేస్తుందమ్మా. దక్షిణం ఆవిడ. మీరు వచ్చిన ఏడాదే పరిచయం. రోజూ ఒక గొడుగు పట్టుకెళ్ళేవాణ్ణి."

"అన్ని గొడుగులు ఎక్కడివండీ?"

"రెండేనమ్మా. ఒకటి ఆవిడ బాగుచేస్తుంటే రెండోదాని పుల్లలు నేను విరగ్గొట్టేవాణ్ణి."

"ఎంత ముచ్చటగా ఉందండీ! మరి ఇన్నేళ్ళు ఆగారేం?"

"ఇంట్లో చుట్టాలున్నారు, వాళ్ళు వెళ్ళాక అని చెప్పుకుంటూ వచ్చాను. దక్షిణం వాళ్ళకి ఓపిక తక్కువ కదా. నిన్న గొడుగు నా మీదకే విసిరింది. ఆదివారం లోపల ఇంట్లోకి తీసుకెళ్తే సరి, లేదంటే గడియారాలు బాగుచేసే ఆయన అడుగుతున్నాడు, ఆయన్ని చేసుకుంటాను అంది. రాత్రంతా నిద్ర లేదు నాకు. ఈ వయసులో ఇంకొకరు దొరకరు, దొరికినా నాకు వద్దు. ఆవిడే కావాలి."

"ఇంకేం ఆలోచన చుట్టంగారూ! మంచి మాటకి ముహూర్తమెందుకు? ఇవాళే ఆవిడకి సరేననండి. కాపురం ఎక్కడ పెడుతున్నారు?"

"ఎక్కడేమిటి బావగారూ? ఇక్కడే."

"ఇక్కడంటే, ఈ ఊళ్ళోనే?"

"ఈ ఇంట్లోనే."

"ఈ... ఈ ఇంట్లో..."

"ఆవిడ గొడుగుల సామాను కొంచెం ఎక్కువే. సర్దుకోవాలి."

"ఏవండీ, మీరు పక్కకి జరగండి. ఇక మీవల్ల కాదు. ఈ ఇంట్లోనా? ఒక్కరు చాలక ఇంకొకరా? గొడుగులతో సహానా!"

"చెల్లెమ్మా... నువ్వు గట్టిగా మాట్లాడుతున్నావు!"

"మాట్లాడతాను! ఇవాళ నా గొంతు నాకు దొరికింది, వదలను! ఆరేళ్ళు! మీ ముందు నవ్వి వంటగదిలో ఏడ్చాను. నా కూతురు మాట్లాడటం మర్చిపోయింది. కాదు, నేర్చుకోనే లేదు!"

"ఏమేవ్, వీధిలోకి వినపడుతుందే..."

"వినపడనివ్వండి! చుట్టంగారూ, మీరు మంచివారు. మీ మీద నాకు పగ లేదు. కానీ మీరు వెళ్ళిపోండి."

"అనేసింది. దేవుడా, అనేసింది. ఇక వీధంతా మనతో మాట్లాడదు."

"వెళ్ళిపొమ్మంటావా చెల్లెమ్మా?"

"అవును. ఇవాళే."

"వెళ్ళేవాణ్ణేనమ్మా. నువ్వు నోరు విడిచి అడిగాక కాదనే మనిషిని కాదు నేను. కానీ ఎక్కడికి వెళ్ళను? ఇది నా ఇల్లు."

"...ఎవరిల్లు?"

"నాది."

"ఏవండీ, ఏమంటున్నాడీయన?"

"తనదంటున్నాడు."

"చుట్టంగారూ, మీరు కంపెనీ మనిషి కదా? ఇల్లు అప్పగించడానికి కదా వచ్చారు?"

"నేను రావడమేంటి బావగారూ? వచ్చింది మీరు. ఆ రోజు నేను తల దువ్వుకుంటుంటే తలుపు కొట్టారు. 'కంపెనీ ఇల్లు ఎక్కడండీ' అన్నారు. అది పక్క వీధిలో ఉంది. చెప్పబోయాను. ఇంతలో చెల్లెమ్మ చంకలో పసిగుడ్డు కనపడింది, మొహమంతా చెమట. కాసేపు నీడపట్టున కూర్చుంటారు కదా అని, రండి రండి, ఇది మీ ఇల్లే అనుకోండి అన్నాను."

"మేం అనుకున్నాం."

"అనుకున్నారు. అనుకోమన్నది నేనే, కాదని ఎలా అంటాను?"

"మరి తాళంచెవి?"

"అడిగారు. అడిగాక లేదంటే ఏం బాగుంటుంది?"

"వంటగది?"

"నేను నీళ్ళు తెచ్చేలోపే చెల్లెమ్మ పొయ్యి తుడిచేసింది. అంత చక్కగా తుడుస్తుంటే వద్దనబుద్ధి కాలేదు. అప్పుడే మూలకి ఈ చిన్న స్టవ్వు కొనుక్కున్నాను."

"అయ్యో! అయ్యయ్యో! చొక్కా తగిలించుకోవడానికి మేకు కొట్టుకోనా అని అడిగితే గోడ పాడవుతుందని అరిచాను మీ మీద! మీ గోడ!"

"నిజమే కదమ్మా. పాడవుతుంది. సున్నం కూడా పెళుసు."

"నాకు తలెత్తుకోలేనంత సిగ్గుగా ఉందండీ. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఇది నా ఇల్లు, మీరు వెళ్ళండి అని ఎందుకు చెప్పలేదు?"

"ఇంటికొచ్చిన వాళ్ళని నోటితో ఎవరు పొమ్మంటారమ్మా? అయినా నేను ఊరుకోలేదు. రోజూ రెండో టీ ఇస్తూనే ఉన్నాను కదా!"

"టీకీ దీనికీ ఏం సంబంధం?"

"అదేంటి బావగారూ! మొదటి టీ కూర్చోమని, రెండో టీ ఇక లేవమని. ఆ మాత్రం తెలీదా?"

"మాకెలా తెలుస్తుంది? బాగుందని మూడోది కూడా అడిగేవాణ్ణి!"

"అడిగేవారు. నేను అటు తిరిగి కళ్ళు తుడుచుకుని పోసేవాణ్ణి."

"మరి నేను కప్పు బోర్లించేదాన్ని కదా అన్నయ్యగారూ. మీ ఎదురుగా. రోజూ."

"దుమ్ము పడకుండా."

"దుమ్ముకి కాదు. మా పడమట దానర్థం, ఇక లేవండి అని."

"ఓహో! ...నేను నా కప్పు కూడా అలాగే బోర్లించుకోవడం మొదలుపెట్టాను చెల్లెమ్మా. నిన్ను చూసే."

"నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు నాకు. ఏవండీ, లేవండి. ఇంకో రెండు పెట్టెలు సర్దితే చాలు. పాపని బడి నుంచి అటే తీసుకుని కంపెనీ ఇంటికి వెళ్దాం."

"ఇన్నేళ్ళు ఖాళీగా ఉంచి ఉంటారంటావా?"

"ఉంటే ఉంటుంది, లేకపోతే సత్రం ఉంటుంది. లేవండి ముందు. అన్నయ్యగారూ, తెలిసో తెలియకో మీ బతుకులో ఇన్నేళ్ళు మింగేశాం. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు. మేం వెళ్తాం."

"అప్పుడేనా! ఇంకాసేపు ఉండండమ్మా."

"అదిగో, మళ్ళీ!"

"నోరు ఆగడం లేదు చెల్లెమ్మా. అలవాటు."

"ఏమేవ్, ఉండమంటున్నారే..."

"ఏవండీ! మీరు లేస్తారా, బోర్లించమంటారా? ఆవిడ అక్కడ ఆదివారం దాకా టైమిచ్చింది. అన్నయ్యగారూ, మీ తూర్పు వాళ్ళ మర్యాదకి ఒక దండం. ఇంతమంది కాపురాలు కూలిపోయేదాకా మాట బయటపెట్టరు కదా!"

"తూర్పు వాళ్ళేంటమ్మా? మాది ఉత్తరం."

"ఏంటీ?"

"ఉత్తరం. మా తాతల నుంచీ ఉత్తరమే. రెండో టీ ఉత్తరం వాళ్ళది కాక ఇంకెవరిది?"

"చుట్టంగారూ, మీరు తూర్పు వారు కారా! ఆరేళ్ళుగా మిమ్మల్ని చూసే కదండీ తూర్పు వాళ్ళు ఇలా ఉంటారు, అలా ఉంటారని మా ఊరికి ఫోన్లు చేసి చెబుతున్నాను! మా బావమరిది నేను చెప్పినవి విని కాలేజీలో ఉపన్యాసం కూడా ఇచ్చాడు! దండ వేశారు!"

"మీ ఇల్లే అనుకోండి అనడం ఒక్కటే తూర్పు పద్ధతి బావగారూ. మిగతావన్నీ మావే. మా ఉత్తరంలో ఎవ్వరూ ఆ మాట ఊరికే అనరు. అన్నారంటే ఇల్లు ఇచ్చేసినట్టే. నాకు ఈ ఇల్లు అలా వచ్చిందే."

"దండ వేశారండీ, పూలదండ! ఇప్పుడు వాడికి నేనేం చెప్పాలి?"

"దండ సంగతి తర్వాత చూద్దాం, ఆ పెట్టె అందుకోండి. అన్నయ్యగారూ, మేం వెళ్ళాక ఆవిడ సామానుకి చోటు సరిపోతుందా?"

"కిందంతా మీరిచ్చేస్తే సరిపోతుందమ్మా. కాకపోతే ఆవిడకి గొడుగులు ఆరబెట్టుకోవడానికి మేడ కావాలట. మేడ మీద పెద్దాయన ఉన్నాడు కదా, అదొక్కటే చిక్కు."

"ఆయన మీకేమవుతారు?"

"ఏమీ కాడు."

"అద్దెకుంటున్నారా?"

"అద్దె లేదు, పాడూ లేదు. ఆయనా చుట్టమే అనుకో. పొమ్మనలేక నేనూ ఊరుకున్నాను. రెండో టీ రోజూ పైకి కూడా పంపిస్తాను. తాగేసి కప్పు కిందకి పంపిస్తాడు. ఉలకడు, పలకడు."

"మీరూ మాలాగే బాధపడుతున్నారన్నమాట."

"మనిషి మాత్రం బంగారమమ్మా. ఆయన అసలు సిసలు తూర్పు మనిషి. రోజూ ఈ వేళకి కర్ర పోటేసుకుంటూ దిగి, గుమ్మంలో ఉన్న మన చెప్పులన్నీ వంగి వంగి సర్దుతాడు. నావి, మీవి, పాపవి కూడా. వరసగా, గేటు వైపు తిప్పి పెట్టి మళ్ళీ పైకి వెళ్ళిపోతాడు."

"అవునే, నేనూ చూశాను. నడుం వంగదు పాపం, అయినా రోజూ సర్దుతాడు. ఎంత శుభ్రమో ఆయనకి!"

"ఏవండీ."

"ఏమిటే?"

"శుభ్రం అనకండి."

"ఎందుకు?"

"ఆ మాట అనకండి, అంతే. అన్నయ్యగారూ, మిమ్మల్ని ఒకటి అడగనా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఆ పెద్దాయన ఈ ఇంట్లోకి ఎప్పుడొచ్చారు?"

"ఎప్పుడొచ్చాడంటే... అదేంటది, వానాకాలం... కాదు, అప్పటికే... ఎప్పుడొచ్చాడబ్బా... నేను వచ్చేసరికే ఉన్నాడమ్మా."